మాట నేర్చుకుంటే వస్తుంది
(జాతీయ యువజనోత్సవ వక్తృత్వ, డిబేట్ పోటీలకు మా జట్టు తయారైన తీరు)



"వాడికి పుట్టుకతోనే మాట వచ్చురా, మనకెక్కడిది!" వేదిక మీద ఎవరైనా బాగా మాట్లాడితే మన హాస్టళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది. ఈత పుట్టుకతో రాదు, సైకిలు తొక్కడం పుట్టుకతో రాదు. మాట మాత్రం పుట్టుకతోనే రావాలని మనం ఎందుకో నమ్ముతాం. అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవానికి తయారైన నాలుగు నెలల్లో మాకు బాగా అర్థమైంది ఒక్కటే. సభలో మాట్లాడడం కూడా ఒక పని. మగ్గం పని, తాపీ పని ఎలా నేర్చుకుంటారో దీన్నీ అలాగే నేర్చుకోవచ్చు. అందుకు కావలసిన సరంజామాలో సగం మన హాస్టల్లోనే ఉంది. ఆ సంగతి వివరంగా చెప్పాలనే ఈ వ్యాసం.

మేము నలుగురం. పుత్తూరు దగ్గర మరమగ్గాల ఇంటి నుంచి వచ్చిన చెల్లెలు ఒకరు, పలమనేరు వైపు నుంచి వచ్చిన తమ్ముడు ఒకరు, మిగిలిన ఇద్దరం శ్రీకాళహస్తి, చిత్తూరు దగ్గరి పల్లెల వాళ్ళం. నలుగురం పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటి మనుషులం మేమే. ఇద్దరు డిబేట్‌కు, ఒకరు వక్తృత్వానికి. నాలుగో మనిషి పని సమాచారం సేకరించడం, గడియారం పట్టుకోవడం, తప్పులు మొహం మీద చెప్పడం.

పోటీకి ఎన్ని మెట్లు?

మన దేశంలోని విశ్వవిద్యాలయాలకు ఒక ఉమ్మడి సంఘం ఉంది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైన ఆ సంస్థే నేటి భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళలతో పాటు సాహిత్య విభాగంలోనూ అది యువజనోత్సవ పోటీలు జరుపుతుంది. సాహిత్య విభాగంలో ఉండేవి మూడు: క్విజ్, వక్తృత్వం, డిబేట్. ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి క్విజ్‌కు ముగ్గురు, వక్తృత్వానికి ఒక్కరు, డిబేట్‌కు ఇద్దరు వెళ్ళవచ్చు.

మెట్లు నాలుగు. మొదటిది కాలేజీలో ఎంపిక. రెండోది విశ్వవిద్యాలయం పరిధిలో కాలేజీల మధ్య పోటీ. మూడోది మండల స్థాయి. అక్కడ మన మండలంలోని ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలతో తలపడాలి. అక్కడ గెలిచినవాళ్ళు నాలుగో మెట్టయిన జాతీయ ఉత్సవానికి వెళతారు.

డిబేట్ నియమాలు చిన్నవే గాని గట్టివి. ఇద్దరిలో ఒకరు విషయానికి అనుకూలంగా, మరొకరు ప్రతికూలంగా మాట్లాడాలి. ఒక్కొక్కరికి 5 నిమిషాలు. కాగితం చూసి చదవకూడదు. విషయాన్ని 24 గంటల ముందు మాత్రమే ప్రకటిస్తారు. మాట్లాడవలసిన భాష హిందీ గాని, ఇంగ్లీషు గాని.

ఇది ఒక్కటే దారి కాదు. జాతీయ యువ పార్లమెంటు ఉత్సవం 2019లో మొదలైంది. అది 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళది. వివేకానంద జయంతి అయిన జనవరి 12ను పురస్కరించుకొని జరిగే జాతీయ యువజనోత్సవం ఇంకొకటి. తలుపులు చాలానే ఉన్నాయి. మన పిల్లలకు అవి ఉన్నాయని చెప్పేవాళ్ళు తక్కువ.

ఇంగ్లీషు అనే కొండ

నియమాలు చదవగానే మన గుండె జారేది భాష దగ్గరే. హిందీ మన సీమ పల్లెల్లో అంతంతమాత్రం. ఇంగ్లీషు పుస్తకంలో చదివిందే గాని నోటితో మాట్లాడింది కాదు. ఈ చోటే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గనివాళ్ళు ఎవరో రాసిచ్చిన ప్రసంగాన్ని బట్టీ పడతారు. బట్టీ పట్టిన ప్రసంగంలో ఒక్క మాట జారితే వెనకున్నదంతా జారిపోతుంది, పూసల దండ తెగినట్టు. పైగా విషయం 24 గంటల ముందు ఇచ్చే పోటీలో బట్టీకి చోటే లేదు.

ఒక్క సంగతి ఆలోచించండి. మన చిత్తూరు సీమ మూడు భాషలు కలిసే చోటు. కుప్పం సంతకు వెళితే మన అమ్మలు, నాయనలు ఒకే పూటలో తెలుగులో, తమిళంలో, కన్నడంలో బేరమాడి వస్తారు. వాళ్ళెవరూ వ్యాకరణం నేర్చుకోలేదు. ఏం కావాలో ముందు తెలుసుకున్నారు, తర్వాత ఎదుటి మనిషి భాషలోకి మార్చారు. ముందు విషయం, తర్వాత భాష. మేము పట్టుకున్న సూత్రం కూడా అదే.

ప్రతి విషయాన్నీ మొదట తెలుగులోనే మాట్లాడి చూసుకున్నాం. తెలుగులో తేలని ఆలోచన ఇంగ్లీషులో అసలే తేలదు. తర్వాత వచ్చే చిక్కు వాక్యంతో. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుంది. అందుకే పొడుగాటి తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు మార్చబోతే మధ్యలో ఊపిరాడదు. ఒక ఉదాహరణ చూడండి:

"గిట్టుబాటు ధర రాక, అప్పు తీర్చే దారి లేక, మార్కెట్టు దగ్గరే టమోటాలు పారబోసి ఇంటికి వచ్చిన రైతు కొడుకు చదువు మానేశాడు."

తెలుగులో ఇది బాగానే ఉంది. కాని ఇంగ్లీషులోకి వెళ్ళాలంటే ముందు దీన్ని తెలుగులోనే విరగ్గొట్టాలి. రైతు టమోటాలు తెచ్చాడు. ధర రాలేదు. అక్కడే పారబోశాడు. అప్పు మిగిలింది. కొడుకు చదువు మానేశాడు. ఇప్పుడు ఈ ఐదు వాక్యాలనూ పదో తరగతి ఇంగ్లీషుతో చెప్పేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వినేవాడికి ఐదూ చేరతాయి.

ఉచ్చారణ సంగతి కూడా చెప్పాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన నోట 'బుక్' 'బుక్కు' అవుతుంది, 'స్కూల్' 'ఇస్కూలు' అవుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, అది మన భాష అలవాటు. అయినా అర్థం మారిపోయే చోట దిద్దుకోవాలి. మేము రోజుకు పది మాటలు గోడ మీద రాసుకొని, రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని సరిచూసుకున్నాం. యాసను దాచడానికి కాదు, మాట స్పష్టంగా చేరడానికి.

ఊపిరి, గొంతు, భయం

వేదిక ఎక్కగానే గుండె దడదడలాడడం, నోరు ఎండిపోవడం, చేతులు వణకడం పిరికితనం కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. పాము ఎదురైనా, సభ ఎదురైనా శరీరానికి అంతే. ఊపిరి పైపైన ఆడుతుంది, మాట వేగం పెరుగుతుంది. దీనికి మందు ఊపిరిలోనే ఉంది. మాట్లాడే ముందు ముక్కుతో గాలి తీసుకొని, తీసుకున్న దానికంటే నెమ్మదిగా వదలాలి. నాలుగైదు సార్లు చేస్తే గుండె కొంత నెమ్మదిస్తుంది.

గొంతు చించుకుంటే గొంతే పోతుంది. బలం పొట్ట దగ్గరి ఊపిరి నుంచి రావాలి. దీనికి దూరం పోయి గురువులను వెతకనక్కర్లేదు. మన పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతాలు జరుగుతాయి కదా! పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరి నాడు దుర్యోధన వధ. ఆ నటులు తెల్లవార్లూ పాడి, మరుసటి రాత్రి మళ్ళీ గజ్జె కడతారు. వాళ్ళను గమనించండి. ముఖ్యమైన మాటకు ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడంతోనే నిద్రపోతున్నవాడు కూడా తలెత్తుతాడు. చివరి అక్షరాన్ని మింగరు. మనం చేసేది సరిగ్గా దీనికి ఎదురు. వాక్యం మొదట్లో గట్టిగా, చివర సన్నగా. తెలుగులో అర్థమంతా చివరి క్రియలోనే ఉంటుంది. అది మింగేస్తే, 'చేశాడో', 'చేయలేదో' వినేవాడికి తెలియదు.

మా సాధన ఇలా సాగింది. ఒకరు వరండా ఈ చివర, మిగిలినవాళ్ళు ఆ చివర. మైకు లేదు. ప్రతి వాక్యం చివరి మాట వినబడకపోతే వినేవాళ్ళు స్టీలు పళ్ళెం మీద గంటెతో ఒక దెబ్బ వేస్తారు. మొదటి వారం పళ్ళెం మోత తప్ప ప్రసంగం వినబడలేదు. నెల తిరిగేసరికి పళ్ళేనికి పని తగ్గింది.

గడియారం కూడా గురువే. మేము లెక్కపెట్టి చూస్తే, తొందర లేకుండా మాట్లాడితే 5 నిమిషాలకు ఇంగ్లీషులో సుమారు 600 మాటలు పడుతున్నాయి. అంటే మూడు విషయాల కంటే ఎక్కువ చెప్పలేం. ఏం చెప్పాలి అన్నదానికంటే ఏం వదిలేయాలి అన్నదే కష్టం.

ఎదుటివాడి మాట ముందు

డిబేట్‌లో గెలుపు అరుపులో లేదు, ఎదుటి వాదనను అర్థం చేసుకోవడంలో ఉంది. మా నియమం ఒకటి: సోమవారం అనుకూలంగా మాట్లాడినవాడు మంగళవారం ప్రతికూలంగా మాట్లాడాలి. ఎదుటివాడి పక్షాన నిలబడి వాదించి చూడకపోతే మన వాదనలో కన్నం ఎక్కడుందో మనకు కనబడదు.

దీనికి మేము పెట్టుకున్న పాఠ్యపుస్తకం రాజ్యాంగ సభ చర్చలు. 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైన ఆ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ముసాయిదాను 1948 నవంబరు 4న సభ ముందు పెడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్ చేసిన ప్రసంగాన్ని ప్రతి హాస్టల్ విద్యార్థీ ఒక్కసారైనా చదవాలి. ఆయన పొగడ్తలతో కాలం గడపలేదు. ముసాయిదా మీద వచ్చిన విమర్శలను ఒక్కొక్కటిగా తానే ముందుపెట్టి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు. విమర్శను దాచలేదు, చిన్నది చేసి చూపలేదు. ఎదుటివాడి మాటను న్యాయంగా చెప్పినవాడి జవాబుకే బరువు ఉంటుందని మేము అక్కడ నేర్చుకున్నాం. 1916 మేలో కొలంబియా విశ్వవిద్యాలయంలో భారతదేశంలోని కులాలపై ఆయన పత్రం సమర్పించేనాటికి వయసు 25 ఏళ్ళు. అంటే దాదాపు మన వయసే.

ఆ సభలో ఉన్న ఏకైక దళిత మహిళ దాక్షాయణి వేలాయుధన్. 1912లో కేరళలో పుట్టిన ఆమె దేశంలో డిగ్రీ పొందిన తొలి దళిత మహిళగా పేరు పొందారు. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్లమని మనం అనుకుంటాం కదా, ఆమె ఏకంగా ఒక దేశానికే మొదటివారు.

మన గడ్డ మీద పుట్టినవాళ్ళూ ఆ దారిలో ఉన్నారు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ రాజ్యాంగ సభ సభ్యులు, తర్వాత లోక్‌సభ స్పీకరు. చిత్తూరు దగ్గర కట్టమంచిలో 1880లో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుతూ అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షులయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు కూడా ఆయనే. వాళ్ళ ఇళ్ళు వేరు, మన ఇళ్ళు వేరు, నిజమే. కాని పరాయి భాషలో వాదించే విద్య చిత్తూరు గాలికి కొత్తది కాదని మాత్రం గుర్తుంచుకుందాం.

ఆ 24 గంటలు

విషయం చేతికి వచ్చాక చాలామంది చేసే పని సమాచారం మీద పడడం. ఫోను తెరిస్తే సమాచారం వరదలా వస్తుంది, అందులో ఆలోచన కొట్టుకుపోతుంది. మేము కాలాన్ని ఇలా పంచుకున్నాం.

మొదటి గంట: ఫోను ముట్టకూడదు. నలుగురం కూర్చొని విషయంలోని ప్రతి మాటకూ అర్థం చెప్పుకోవాలి. 'అభివృద్ధి' అన్నారంటే ఎవరి అభివృద్ధి? 'గ్రామం' అంటే ఏ గ్రామం?

తర్వాత నాలుగు గంటలు: సమాచారం. ప్రతి అంకె పక్కనా అది ఎవరు చెప్పారు, ఏ సంవత్సరానిది అని రాయాలి. ఊరూ పేరూ లేని అంకె వేదిక మీద మనల్ని ముంచుతుంది.

తర్వాత మూడు గంటలు: మూడు వాదనలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ. ఉదాహరణ మన ఊరిదైతే మేలు. ధరల మీద మాట్లాడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటిన మదనపల్లె టమోటా, ఇంకో కాలంలో కోత కూలి కూడా రాని అదే టమోటా చాలు. మనం చూసినదాన్ని మనలా ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత: నిలబడి మాట్లాడడం, కోయడం, మళ్ళీ మాట్లాడడం. రాత్రి ఆరు గంటల నిద్ర తప్పనిసరి. నిద్ర లేని మెదడుకు మాట అందదు. పొద్దున్న కొత్త విషయం ఏదీ చేర్చకూడదు. తొలి వాక్యం, చివరి వాక్యం, మూడు వాదనల పేర్లు మాత్రం నోటికి రావాలి. మిగతాది అప్పటికప్పుడు పుట్టాలి.

నవ్వినవాళ్ళు, అడిగినవాళ్ళు

కాలేజీల మధ్య పోటీలో మా పలమనేరు తమ్ముడు మాట్లాడుతుంటే వెనక వరసలో కొందరు అతని ఉచ్చారణకు నవ్వారు. అతను ప్రసంగం ఆపలేదు గాని, ఆ రాత్రి హాస్టల్లో అన్నం ముందు కూర్చొని, "అన్నా, రేపటి నుంచి నేను రానన్నా. నా ఇంగ్లీషుకు నవ్వుతుండారు" అన్నాడు. కాసేపు ఎవరికీ ఏమీ తోచలేదు. అప్పుడు మాలో ఒకరు అన్నారు: "ఒరే, ఈ రోజు పన్నెండు మంది మాట్లాడినారు. న్యాయనిర్ణేత ఎవుర్ని పిలిచి ప్రశ్న అడిగినాడు? నిన్నొక్కణ్ణే. ఆ టమోటా లెక్క ఎక్కడిదని అడిగినాడు. అడిగినాడంటే విన్నాడనే గదరా!" తమ్ముడు మాట్లాడలేదు. మరుసటి సాయంత్రం మాత్రం వరండాలో మా అందరికంటే ముందే నిలబడి ఉన్నాడు.

పుత్తూరు చెల్లెలిది ఇంకో రకం పరీక్ష. మండల పోటీకి రాష్ట్రం దాటి వెళ్ళాలంటే ఇంట్లో ఒప్పుకోలేదు. మమ్మల్ని వచ్చి మాట్లాడమని ఆమె అడగలేదు. ఆదివారం ఇంటికి వెళ్ళి, మగ్గం ఆగిన వేళ చూసి, నాయన ముందు తనే మాట్లాడింది. ఆయన భయాలను ఆమే ముందు చెప్పింది. దూరం, రాత్రి బస, ఊళ్ళో మాటలు, ఖర్చు. తర్వాత ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. వెంట మేడమ్ వస్తారు, ఆడపిల్లల బస వేరు, ప్రయాణ ఖర్చు విశ్వవిద్యాలయానిది, ఊళ్ళో మాటలకు మాత్రం తన దగ్గర జవాబు లేదు. నాయన చాలాసేపటికి, "ఇంత మాట ఎప్పుడు నేర్చినావమ్మా?" అన్నాడట. సోమవారం ఆమె సంతకం చేసిన కాగితంతో వచ్చింది.

మండల పోటీలో మా జట్టుకు స్థానం రాలేదు. జాతీయ వేదిక మెట్టు మేము ఎక్కలేదు. మాకంటే బాగా తయారైనవాళ్ళు గెలిచారు, వాళ్ళను వినడమూ ఒక చదువే. కాని ఆ నాలుగు నెలల సాధన ఎక్కడికీ పోలేదు. సెమినారులో, మౌఖిక పరీక్షలో, స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందో అడగడానికి బల్ల ముందు నిలబడినప్పుడు అదే ఊపిరి, అదే మూడు వాదనలు, అదే వినబడే చివరి మాట. మన ఇళ్ళలో తరాలుగా మన తరఫున వేరెవరో మాట్లాడారు. అర్జీ కూడా ఎవరో రాసిపెట్టారు. ఆ పని ఇక మనమే చేసుకోవాలి.

హాస్టల్లో ఏం చేయవచ్చు?

ప్రైవేటు శిక్షణలో డబ్బిచ్చినా దొరకనిది మన దగ్గర ఉంది. వినే జనం. వంద మంది పిల్లలు, మొహమాటం లేకుండా నవ్వేవాళ్ళు, బాగుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడినవాడికి ఏ సభా కొత్త కాదు.

వార్డెన్ సారు అనుమతితో శనివారం స్టడీ అవర్ తర్వాత ఒక గంట కేటాయించండి. చీటీ తీసి విషయం ఇవ్వండి. ఆరో తరగతి పిల్లవాడికి ఒక నిమిషం, ఇంటర్ వాళ్ళకు మూడు, డిగ్రీ వాళ్ళకు ఐదు. మొదటి నెల తెలుగులోనే. తర్వాత నెలకొకసారి ఇంగ్లీషులో. వినేవాళ్ళు ముందు ఒక మంచి చెప్పాలి, తర్వాత ఒక లోపం చెప్పాలి. ఎగతాళికి చోటివ్వకండి.

అన్నలారా, అక్కలారా! మీరు హాస్టల్‌కు ఫ్యాన్లు ఇస్తున్నారు, పుస్తకాలు ఇస్తున్నారు, సంతోషం. ఏడాదికి ఒక్క శనివారం కూడా ఇవ్వండి. వచ్చి న్యాయనిర్ణేతగా కూర్చోండి. మీరు అడిగే ఒక్క ప్రశ్న ఒక పిల్లవాణ్ణి మరుసటి వారం మళ్ళీ నిలబెడుతుంది.

చీటీలు రాయడానికి పాత నోటుపుస్తకం ఒకటి, పళ్ళెం ఒకటి, గంటె ఒకటి చాలు. వచ్చే శనివారమే మొదలుపెట్టండి.